మా రోజుల్లో రాయిని పగలగొట్టి చూసేవాళ్లం

ఈమధ్య నరసరావుపేటలో ఏ ఇంటికి పలకరింపుకు వెళ్లినా చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పెడుతున్నారు. లోపల రాళ్లు. "గాల్ బ్లాడర్ తీసేశారు పెదనాన్నా, ఇవన్నీ మా అమ్మ కడుపులో ఉన్నయ్యే" అంటాడు కొడుకు. కందిగింజంతవి, శనగగింజంతవి, ఒక్కోసారి రేగ్గాయంతవి. వచ్చిన చుట్టాలందరికీ చూపించి, నాలుగు రోజుల తర్వాత చెత్తబండిలో వేస్తారు. నేను మాత్రం రెండు ప్రశ్నలు అడగకుండా ఆ ఇంట్లోంచి లేవను. ఆవిడకు ఎప్పుడన్నా టైఫాయిడ్ వచ్చిందా? కోసి తీసినదాన్ని పరీక్షకు పంపించారా? మొదటిదానికి "చిన్నప్పుడెప్పుడో వచ్చిందంట" అనే సమాధానం చాలా ఇళ్లలో వస్తుంది. రెండోదానికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పోనీ, ఆసుపత్రిలో ఎవరన్నా అడిగారా అంటే, స్కానింగ్ చూశారు, డేటు ఇచ్చారు, అంతేనంటారు.

నా కడుపుమంట అంతా అక్కడే. రాయిని తీసేవాళ్లు ఊరూరా ఉన్నారు, అది ఎందుకు పుట్టిందని అడిగేవాడే కరువయ్యాడు.

నేను డాక్టర్ని కాను. సర్కారు ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. గుంటూరులో పని నేర్చుకున్నాను, ఉద్యోగం ఎక్కువభాగం పల్నాట్లోనే గడిచింది. రోగి నాలుక చూడటం, నాడి పట్టడం నా పని కాదు. కానీ లోపలి నుంచి వచ్చిన పసరు, రక్తం, మలం మాట్లాడే మాటలు వినడం నా పని. ఆ మాటలు ఇప్పుడు ఎవరూ వినడం లేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మా రోజుల్లో పిత్తాశయం ఆపరేషనంటే కుడి పక్కటెముకల కింద జానెడు కోత. పది రోజులు మంచం. కోలుకునేసరికి ఒక పంట వెనకబడేది. అంత పెద్ద పని కాబట్టే సర్జనుగారు ఊరికే కత్తి పట్టేవాడు కాదు. కేసు షీటు ముందు పెట్టుకుని గంటసేపు అడిగేవాడు. నీళ్లెక్కడివి తాగుతారు, జ్వరాలేమైనా వచ్చాయా, వస్తే ఎన్ని వారాలున్నాయి, ఇంట్లో ఇంకెవరికన్నా వచ్చిందా, కాన్పులెన్ని. కోసిన రోజున థియేటర్ నుంచి వార్డుబాయి పత్తి బిరడా పెట్టిన గాజుగొట్టంలో కొంచెం పసరు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. ఇంకో సీసాలో రాయి. మూడో సీసాలో ఫార్మలిన్ పోసి, అందులో కోసిన తిత్తి. అది గుంటూరు పోవాలి, అక్కడ దాన్ని సన్నగా తరిగి రంగులేసి చూస్తారు.

రాయి సంగతి నేను చూసేవాణ్ణి. పైనంతా శుభ్రం చేసి, మంట సెగ చూపించిన చిన్న కల్వంలో వేసి పగలగొట్టేవాళ్లం. లోపల పచ్చగా, పొరలు పొరలుగా, మెరుస్తూ ఉంటే అది కొలెస్టరాల్ రాయి. నల్లగా, గట్టిగా, నిగనిగలాడుతుంటే రక్తకణాలు ఎక్కువగా విరగడం వల్ల వచ్చినది, లివర్ చెడినవాళ్లలోనూ అది ఉంటుంది. ఇక మూడో రకం ఉంది. గోధుమరంగు, మెత్తదనం, వేళ్ల మధ్య నలిపితే తడిసిన ఇటుకపొడిలా రాలిపోయేది. దాన్ని చూడగానే మా సీనియర్ "ఇందులో కాపురం ఉంది, బ్రాత్‌లో వెయ్యరా అబ్బాయ్" అనేవాడు. నడిమి పొడిని క్రిములు పెరిగే ఆ బ్రాత్ ద్రవంలో వేసి ముప్పై ఏడు డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి తేటగా ఉన్న ద్రవం మసకబారేది. దాంట్లోంచి ఒక చుక్క మెకాంకీ అగార్ పళ్లెం మీద గీతలు గీసి మళ్లీ ఒక రాత్రి ఉంచాలి. గులాబీరంగు చుక్కలు లేస్తే అది మామూలుగా పేగుల్లో ఉండే ఈ.కోలై. రంగు లేకుండా నీటిబొట్టులాగా లేస్తే మాత్రం గుండె ఒక్కసారి ఆగేది. అది టైఫాయిడ్ క్రిమి కావచ్చు. యాంటీసీరం చుక్క వేసి పలకను అటూ ఇటూ ఊపితే, నిమిషంలో ఇసుక రేణువులు తేలినట్టు గుంపుకడితే ఇక సందేహం లేదు.

చేదుకట్టులో, అంటే ఆ పిత్తాశయంలో, క్రిమి బతకడమేమిటని చాలామంది అడుగుతారు. కోడిని కోసేటప్పుడు చేదుకట్టు పగలకుండా తియ్యడం పల్నాట్లో పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. పగిలిందా, కూరంతా చేదే. అంత ఘాటైన పసరులో ఏ పురుగు బతుకుతుందిలే అనుకోవడం సహజం. చాలా క్రిములు బతకవు కూడా. కానీ టైఫాయిడ్ క్రిమి తీరే వేరు. మా ల్యాబుల్లో టైఫాయిడ్ రోగి రక్తాన్ని కల్చర్ పెట్టడానికి వాడే బ్రాత్‌లోనే పైత్య లవణాలు కలిపేవాళ్లం. మిగతా క్రిములు అందులో కుంటుపడతాయి, టైఫాయిడ్‌ది మాత్రం ఇంపుగా పెరుగుతుంది. ఒంట్లో జరిగేదీ అదే. పాడు నీళ్లతోనో తిండితోనో పేగులోకి వెళుతుంది, పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది, లివర్‌కు చేరుతుంది, అక్కణ్ణుంచి పసరుతో కలిసి పిత్తాశయంలోకి దిగుతుంది. అక్కడ పెరిగి మళ్లీ పేగులోకి వస్తుంది. జ్వరం తగ్గి, మనిషి పత్యం తిని, పొలానికి పోయినా, కొందరిలో ఆ తిత్తిలో క్రిమి కాపురం మాత్రం ఖాళీ కాదు. నూటికి ఇద్దరు ముగ్గురు అలా మిగిలిపోతారు. ఏడాది దాటినా మలంలో క్రిమి పడుతూనే ఉంటే వాళ్లను క్యారియర్లంటారు. ఆడవాళ్లలో, ముందే రాళ్లు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. న్యూయార్క్‌లో ఇళ్లలో వంటలు చేసిన మేరీ మాలన్ కథ వైద్య విద్యార్థులందరికీ తెలుసు. ఆమె వంట తిన్న ఇళ్లలో జ్వరాలు లేచేవి, ఆమెకు మాత్రం ఏ బాధా లేదు. 1907లో పట్టుకున్నారు. పిత్తాశయం తీయించుకోమంటే ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు వదిలినా, 1915లో మళ్లీ పట్టుకుని, 1938లో చనిపోయేదాకా ఒక దీవిలోనే ఉంచారు.

రాయి ఉంటే క్రిమికి ఏం లాభమో ఈ మధ్యకాలంలోనే బాగా తేలింది. మెక్సికో సిటీలో ఆపరేషన్ చేసి తీసిన రాళ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, టైఫాయిడ్ క్రిములు రాతి మీద జిగురు పొర కట్టుకుని లోపల కూర్చుని ఉన్నాయి. 2010లో ఆ సంగతి అచ్చయింది. ఆ జిగురులోకి మందు సరిగ్గా దిగదు. అందుకే రాళ్లున్న క్యారియర్‌కు నెల రోజులు మందు మింగించినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. మాకు ఆ మైక్రోస్కోపు లేదు, ఆ మాటలూ తెలియవు. కానీ ఆ జిగురును మేం చేతుల్తో చూశాం. కొన్ని రాళ్లు నీళ్లలో ఎంత కడిగినా జారుతూనే ఉండేవి.

ముందు రాయి వచ్చి క్రిమికి చోటిచ్చిందా, ముందు క్రిమి వచ్చి రాయిని కట్టిందా? ఈ ప్రశ్న వందేళ్ల నాటిది. రెండూ జరుగుతాయి. ఈ.కోలై లాంటి క్రిమి దగ్గర ఒక ఎంజైమ్ ఉంటుంది. పసరులో కరిగి ఉన్న బిలిరుబిన్‌ను అది విడగొడుతుంది, విడిపోయిన బిలిరుబిన్ కాల్షియంతో కలిసి మడ్డిగా దిగుతుంది. గోధుమరంగు రాళ్లకు అదే మూలం. అవి పిత్తాశయంలో కంటే పసరు నాళాల్లో ఎక్కువ పుడతాయి. కొలెస్టరాల్ రాయి కథ వేరు. ఒళ్లు రావడం, కాన్పులు, హార్మోను మాత్రలు, తిండి మానేసి గబగబా బరువు తగ్గడం, ఇవన్నీ దాని వెనక ఉంటాయి. ఉత్తరాదిన కొలెస్టరాల్ రాళ్లే ఎక్కువ, మన దక్షిణాదిన పిగ్మెంటు రాళ్ల పాలు వాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పుడు కొలెస్టరాల్ రాళ్లలో కూడా క్రిముల డి.ఎన్.ఎ. జాడ దొరికింది. కాబట్టి "లావుగా ఉంది, నలభై దాటింది, రాళ్లు రాక ఏమొస్తాయి" అని తేల్చేసే వైద్యం నాకు నచ్చదు. ఆ మాటతో రోగి నోరూ మూతపడుతుంది, డాక్టరు ఆలోచనా ఆగిపోతుంది.

ఇలాగే ఇంకో మాట అనేవాళ్లు మా చిన్నప్పుడు. పల్నాటివాళ్లకు కడుపులో పుండు వచ్చిందంటే, "అంత కారం తింటారు, పుండు పడదా మరి" అనేవాళ్లు. గుంటూరు మిరపకాయ మీద నింద మోపి చేతులు దులుపుకునేవాళ్లు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు ఆ పుండ్ల వెనక హెలికోబాక్టర్ అనే క్రిమి ఉందన్నారు. ఎవరూ నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ క్రిమిని తనే తాగి రోగం తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మిరపకాయ నిర్దోషి అని తేలడానికి అంతకాలం పట్టింది. ఆ క్రిమి చుట్టాలే కొన్ని చిలీ దేశంలో దీర్ఘకాలం పిత్తాశయం వాపుతో బాధపడిన రోగుల పసరులో దొరికాయి, 1998లో ఆ పరిశోధన వచ్చింది. వాపును అవే తెచ్చాయా, వాపు వచ్చాక అవి చేరాయా అన్నది ఇంకా నలుగుతూనే ఉంది. నలగనీయండి. మిరపకాయకు జరిగిన అన్యాయం ఇక్కడ జరగకుండా, చూసి తేల్చమనే నేననేది.

చిలీ పేరెత్తాను కాబట్టి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మన పల్నాటికి పనికొచ్చే కథ. ఆ దేశపు రాజధాని శాంటియాగోలో 1980ల దాకా టైఫాయిడ్ విపరీతం. ఊరి మురుగు నదిలో కలిసేది, ఆ నీళ్లతోనే చుట్టుపక్కల కూరగాయలు పండించేవాళ్లు, వాటిని పచ్చిగా తినేవాళ్లు. 1991లో కలరా భయం వచ్చి ఆ నీళ్లతో కూరగాయలు పెంచడాన్ని గట్టిగా ఆపేశారు. టైఫాయిడ్ దబ్బున పడిపోయింది. పిత్తాశయం రాళ్లు, ఆ తిత్తికి వచ్చే క్యాన్సర్ ఎక్కువగా ఉన్న దేశాల్లో కూడా చిలీ ముందు వరసలో ఉంది. మన దేశంలో ఆ క్యాన్సర్ గంగ ఒడ్డు జిల్లాల్లో ఎక్కువ. వారణాసిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం డాక్టర్లు టైఫాయిడ్ క్యారియర్లకూ ఆ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 2000లోనే బయటపెట్టారు. మన వైపు అది తక్కువే. తక్కువ ఉందని కూర్చోవాలా?

ఇక మన నీళ్ల సంగతికొద్దాం. మా చిన్నతనంలో పల్నాడంటే జొన్న, సజ్జ, కొర్ర. శ్రీనాథుడు ఆ జొన్నకూడు తినలేక విసుక్కున్న సీమ ఇదే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలాక వరి వచ్చింది, అన్నం వచ్చింది, డబ్బొచ్చింది. అన్నింటికంటే ముఖ్యం, ఎండాకాలంలో మంచినీళ్ల చెరువులు నిండాయి. ఆ నీళ్లు లేని రోజుల్లో కాన్పయిన బాలింతకు స్నానం చేయించడానికి కూడా వెతుక్కోవలసి వచ్చేది. సాగర్‌ను నేను దేవుడి కింద లెక్కిస్తాను. కానీ ఆ చెరువు నీళ్లను అప్పటి ఆడవాళ్లు చూసుకున్న తీరు వేరు. చెరువులో ఎవరన్నా కాళ్లు కడిగితే ఊరి పెద్ద చింతబరికె పట్టేవాడు. బిందెలో ఇండుపుగింజ అరగదీసి కలిపేవాళ్లు, లేకపోతే పటిక తిప్పేవాళ్లు. గుడ్డ వేసి వడకట్టేవాళ్లు. కడుపుతో ఉన్నవాళ్లకూ, జ్వరం వచ్చి లేచినవాళ్లకూ కాచిన నీళ్లే. ఇండుపుగింజ మట్టిని దించుతుంది గానీ క్రిమిని చంపదు, అది నాకూ తెలుసు. ఆ రోజుల్లో టైఫాయిడ్‌తో మూడో వారంలో పేగు చిల్లిపడి చచ్చిపోయిన పిల్లల్ని నేను చూశాను. మా రోజులు స్వర్గమని నేను అనడం లేదు. నీటిని అనుమానించే అలవాటు ఉండేదంటున్నాను. దాన్ని పోగొట్టుకున్నాం.

ఇప్పుడేమో ఇరవై లీటర్ల మినరల్ టిన్ను గుమ్మంలో దిగితే చాలు, అది గంగాజలం. 2014లో ఎన్టీఆర్ సుజల పేరుతో రెండు రూపాయలకు ఇరవై లీటర్లు ఇవ్వడం మొదలయ్యాక ఊరూరా ఆ టిన్నులకు అలవాటుపడ్డారు. నీళ్లు శుద్ధి చేసే మిషను మంచిదే. ఫ్లోరైడు ఉన్న ఊళ్లకు అది మేలే చేసింది. కానీ ఆ టిన్ను లోపల చెయ్యిపెట్టి చూశారా ఎవరన్నా? అడుగున పాకుడు. మూత మీద దుమ్ము. ఆటోలో ఎండకు పడి వస్తుంది. మా వీధిలో ఒక టిన్ను నీళ్లు హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలో పోసి పెట్టాను. గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థవాళ్లు 1982లో కనిపెట్టిన చవకైన పరీక్ష అది. సీసాలో ఒక కాగితం ముక్క ఉంటుంది, నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే చాలు. మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. తెల్లారేసరికి కాటుక రంగు తేలింది. పక్కింటి కోడలికి చూపిస్తే "టిన్ను నీళ్లేగా తాతయ్యా, తియ్యగానే ఉన్నయ్యి కదా" అంది. తీపి చూసి నీళ్లు తాగే కాలం వచ్చింది.

పైపుల సంగతీ అంతే. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో మంచినీళ్ల పైపులో మురుగు కలిసి జనం చనిపోయారు. 2024 అక్టోబరులో మా దాచేపల్లిలో వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు పేపర్లో నాలుగు రోజులు వస్తుంది, ట్యాంకర్లు తిరుగుతాయి, బ్లీచింగ్ చల్లుతారు. కానీ ఆ నీళ్లు తాగి చావకుండా బయటపడ్డ వాళ్లలో ఎవరి తిత్తిలో ఏం మిగిలిందో పదేళ్ల తర్వాత ఎవరు చూస్తారు? విరేచనాలు కనపడతాయి కాబట్టి కలెక్టరు వస్తాడు. పిత్తాశయం లోపల జరిగేది కనపడదు కాబట్టి ఎవరూ రారు.

జ్వరం వైద్యం చూస్తే ఇంకా రక్తం మరుగుతుంది. మా రోజుల్లో టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్షంటే గొట్టాల్లో పెట్టి, నీటి తొట్టిలో ఉంచి, మర్నాడు చదివేవాళ్లం. ఒకసారి చూసి నమ్మేవాళ్లం కాదు, వారం పది రోజులాగి మళ్లీ రక్తం తీసి, అందులో ప్రతిరోధకాల బలం నాలుగింతలు పెరిగిందా అని చూసేవాళ్లం. ఇప్పుడు పలక మీద చుక్క, రెండు నిమిషాల్లో చీటీ. జ్వరం వచ్చిన ప్రతివాడికీ టైఫాయిడే. నిజమైన టైఫాయిడ్ వచ్చినవాడికేమో మూడు రోజులు ఇంజక్షన్లు, జ్వరం దిగగానే మానేయడం. సగం మందుతో బతికిపోయిన క్రిమి ఎక్కడికి పోతుంది? అది దాక్కోవడానికి ఒంట్లో ఉన్న మంచి చోటు ఆ చేదు తిత్తే. ఈ రోగాన్ని లొంగదీసిన మొదటి మందు క్లోరోమైసెటిన్ 1948 నాటిది. వాడీ వాడీ దాన్ని పాడుచేసుకున్నాం. 1972లోనే కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ లేచింది. ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, క్యారియర్లకు నెల రోజులిస్తే తిత్తి కడిగినట్టయ్యేది. దాన్నీ ఊళ్లో దగ్గుకీ, జలుబుకీ, కాలి పుండుకీ పప్పుబెల్లాల్లా పంచారు. ఇప్పుడు చాలా టైఫాయిడ్ క్రిములు దానికి లొంగడం లేదు.

ఇక ఊళ్లో ఇంకో వైద్యం. "రాళ్లున్నాయంట, కొండపిండాకు తెచ్చి రసం తాగుతున్నా బాబాయ్" అంటాడొకడు. "ఉలవకట్టు తాగమన్నారు" అంటుందొక ఆవిడ. మా సున్నపురాతి నీళ్ల వల్లే పిత్తాశయంలో రాళ్లని అందరి నమ్మకం. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పుట్టిన మనకు ఆ అనుమానం రావడం వింత కాదు. కానీ అయ్యా, మూత్రపిండంలో రాయి వేరు, పిత్తాశయంలో రాయి వేరు. ఉలవకట్టు తాగితే వచ్చే మూత్రం పిత్తాశయం గుండా పోదు. నొప్పి లేచి, పసరు వాంతులై, కళ్లు పచ్చబడి, చలిజ్వరం పట్టాక కూడా ఆకురసం తాగుతూ కూర్చున్నవాళ్లను చూశాను. నాళంలో రాయి అడ్డుపడి క్రిమి చేరితే అది గంటల మీద ప్రాణం తీసే జబ్బు. అలాంటప్పుడు ఆకు కాదు, ఆసుపత్రి.

ఇప్పటి ఆపరేషన్‌ను నేను తప్పు పట్టను. జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో చిన్న రంధ్రాలతో పిత్తాశయం తీస్తే తోటి డాక్టర్లే ఆయన్ను వేళాకోళం చేశారు. మన దేశంలో టెహెంటన్ ఉద్వాడియా 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో ఆ పని మొదలుపెట్టాడు. ఇవాళ మాచర్ల నుంచి వచ్చిన కూలీ మనిషి కూడా నాలుగు గాట్లతో మూడో రోజున ఇంటికి పోతోంది. నాళంలో ఇరుక్కున్న రాయిని కడుపు కొయ్యకుండా నోట్లోంచి గొట్టం వేసి తీసే పనిలో హైదరాబాద్ డాక్టర్ నాగేశ్వరరెడ్డి ప్రపంచానికే పాఠం చెప్పాడు. సంతోషించాల్సిన విషయాలే. నా గొడవల్లా, పని తేలికైన కొద్దీ ప్రశ్నలు తగ్గాయని. ఇంకేదో నొప్పికి స్కానింగ్ తీస్తే రాయి కనపడుతుంది, ఏ బాధా లేకపోయినా "తీసేద్దాం, పగిలిపోతుంది" అని భయపెడతారు. బాధ పెట్టని రాళ్లలో ఎక్కువ భాగం జన్మంతా నోరెత్తవు, ఏడాదికి నూటికి ఒకరిద్దరే నొప్పితో తేలతారు. అలాంటి రాయిని కొయ్యడానికి తొందరపడతారు. ఏళ్లుగా అన్నం తిన్నప్పుడల్లా కుడి డొక్కలో బరువు, భుజంలోకి లాగే నొప్పి, అరగనితనంతో తిరిగే మనిషికి గ్యాస్ మాత్రలిచ్చి పంపుతారు. ఆ రెండో మనిషి తిత్తి గోడ దళసరెక్కి, ముడుచుకుపోయి, లోపల క్రిమి స్థిరపడి ఉండొచ్చు.

తీసినప్పుడైనా చూడాలా వద్దా? మా బంధువులావిడకు మొన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషనైంది. ఫార్మలిన్ సీసా ఏదమ్మా అని నర్సును అడిగితే, "రాళ్లిచ్చాం కదా తాతగారూ" అంది. తిత్తి చెత్తలో పోయింది. ఆవిడకు టైఫాయిడ్ రెండుసార్లు వచ్చింది, ఆవిడ బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. పరీక్షకు పంపడానికి ఆ ఆసుపత్రికి ఇంతకంటే పెద్ద కారణం ఇంకేం కావాలి? తిత్తి పోయాక కూడా క్రిమి లివర్ నాళాల్లో మిగిలే వీలుంది. మలం కల్చర్ చేయిద్దామని నేనే వెంటబడి గుంటూరు పంపించాను. వరసగా చేయించిన పరీక్షల్లో ఏమీ రాలేదు. నా ప్రాణం కుదుటపడింది. లేని క్రిమిని లేదని తెలుసుకోవడం కూడా వైద్యమే.

చివరిగా ఒక సంగతి, ఇది నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 2016లో పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాద్ ఊళ్లో దాదాపు ఏ మందుకూ లొంగని టైఫాయిడ్ లేచింది. వాళ్లేం చేశారు? 2019 నవంబరులో సింధు పిల్లలకు టీకా వేయడం మొదలుపెట్టారు. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో. ఒక్క సూది. ఆరు నెలల పాప నుంచి వేయొచ్చు. నేపాల్ పిల్లల మీద పరీక్షిస్తే ఇంచుమించు 80 శాతం రక్షణ ఇచ్చింది. మన దేశంలో నవీ ముంబై మునిసిపాలిటీ 2018లోనే తన పిల్లలకు వేయించింది. మన తెలుగుగడ్డ మీద తయారైన ఆ సూది కరాచీ పిల్లాడికి ఉచితంగా అందింది, గురజాల పిల్లాడికి మాత్రం తండ్రి జేబులో డబ్బుంటేనే అందుతోంది. టైఫాయిడ్ రాని పిల్లాడి పిత్తాశయంలో టైఫాయిడ్ క్రిమి కాపురం పెట్టదు. ఇంత తేలిక లెక్క పెద్దవాళ్లకు ఎందుకు తట్టదు?

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. కలెక్టరు కచేరీ నరసరావుపేటకు వచ్చింది, జిల్లా వైద్యాధికారి ఇక్కడే కూర్చుంటున్నారు. వాళ్లను నేను అడిగేది ఎక్కువ కాదు. మన జిల్లాలో ఎక్కడ పిత్తాశయం తీసినా ఫార్మలిన్ సీసాలో పరీక్షకు పంపాలని ఆర్డరు వేయండి. క్రిమి అనుమానం ఉన్న చోట పసరును కల్చర్‌కు పంపించండి. కేసు షీటులో టైఫాయిడ్ గడి మళ్లీ పెట్టించండి. హోటళ్లలో, బడుల్లో, అంగన్‌వాడీల్లో వండేవాళ్లకు మలపరీక్ష చేయించండి, క్రిమి దొరికితే కూడు పోగొట్టకుండా మందిప్పించండి. నీళ్ల టిన్నులు నింపే ప్రతి మిషను దగ్గరా నెలకోసారి ఆ నల్లబడే సీసా పెట్టించండి. పిల్లలకు టైఫాయిడ్ టీకా ఉచితంగా వేయించమని పై నుంచి చెప్పేదాకా ఆగకుండా, మీరే రాసి అడగండి. చదివే మీరు కూడా, ఇంట్లో ఎవరికన్నా ఆపరేషన్ డేటు ఇచ్చి ఉంటే, రాళ్ల డబ్బా కోసం కాకుండా బయాప్సీ రిపోర్టు కోసం అడగండి.